గ్యాస్ బండిలో చెక్ ఇంజిన్ లైట్

పెట్రోలు కారుకు గ్యాస్ కిట్ బిగించాక డ్యాష్‌బోర్డు మీద తరచూ వెలిగే పసుపు రంగు చెక్ ఇంజిన్ లైట్ పుట్టింది గ్యాస్ కోసం కాదు, సైలెన్సర్ పొగ కోసం. లాస్ ఏంజెలెస్‌ను ఉక్కిరిబిక్కిరి చేసిన పొగమంచుకు వాహనాల పొగ ముఖ్య కారణమని ఆరీ హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రవేత్త 1950ల తొలినాళ్లలో తేల్చారు. 1967లో ఏర్పడిన కాలిఫోర్నియా వాయు వనరుల మండలి కొత్త కార్ల పొగకు హద్దులు పెట్టింది. అయితే షోరూం నుంచి శుభ్రంగా వచ్చిన బండి కూడా కొన్నేళ్లకు ఏదో ఒక సెన్సార్ చెడి, నడిపేవారికి తెలియకుండానే విషవాయువులు వదలవచ్చు. అందుకే తన లోపాన్ని కారే కనిపెట్టి దీపం వెలిగించాలనే నిబంధన 1988 మోడల్ నుంచి అక్కడ అమలైంది. 1996 నుంచి అమెరికా అంతటా ఓబీడీ-2 పేరుతో ఒకే రకం 16 పిన్నుల సాకెట్టు, ఉమ్మడి కోడ్లు తప్పనిసరి అయ్యాయి. యూరప్‌లో పెట్రోలు కార్లకు 2001లో ఆ వంతు వచ్చింది.

దీపానికి కన్నుగా పనిచేసేది లాంబ్డా సెన్సార్. బాష్ కంపెనీ తయారుచేసిన ఈ సెన్సార్‌ను 1976లో వోల్వో కార్లలో తొలిసారి అమర్చారు. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను బట్టి అది 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య ఊగుతుంది. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండడానికి బరువులో 14.7 పాళ్ల గాలి కావాలి. గ్యాస్ కిట్లలో వాడే ఎల్పీజీకి సుమారు 15.5 పాళ్లు కావాలి. ఇంజిన్ కంప్యూటర్‌కు ఈ తేడా తెలియదు. సెన్సార్ చెప్పినదాన్ని బట్టి ఇంధనాన్ని పెంచుతూ, తగ్గిస్తూ పోతుంది. ఆ సవరణ శాతాన్ని ఫ్యూయెల్ ట్రిమ్ అంటారు. అది హద్దు దాటితే మిశ్రమంలో ఇంధనం తక్కువైందని పీ0171, ఎక్కువైందని పీ0172 కోడ్లు నమోదవుతాయి.

గ్యాస్ కిట్ల చరిత్ర ఈ దీపం కంటే పాతది. ఇటలీలోని రెజ్జో ఎమీలియాలో లాండి రెంజో కంపెనీ 1954లోనే మొదలైంది. కార్బొరేటర్ల కాలంలో కిట్ పని సులువు. వేపరైజర్ ద్రవాన్ని గ్యాస్‌గా మారుస్తుంది, మిక్సర్ దాన్ని గాలిలో కలుపుతుంది. కంప్యూటర్ లేదు కనుక ఫిర్యాదు చేసే దీపమూ లేదు. భారతదేశంలో మోటారు వాహనాల చట్టాన్ని 2000లో సవరించాకే ఎల్పీజీ బండ్లకు చట్టబద్ధత వచ్చింది. అంతకుముందు వంటింటి సిలిండర్‌ను డిక్కీలో పెట్టుకుని తిరిగినవారు తమ ప్రాణాలతో పాటు పక్కవారి ప్రాణాలనూ పణంగా పెట్టారు.

అనుమతి వచ్చేనాటికి మన రోడ్ల మీద కార్బొరేటర్లు పోయి, కంప్యూటర్ ఆజ్ఞతో ఇంజెక్టర్లు పెట్రోలు చిమ్మే ఎంపీఎఫ్‌ఐ ఇంజిన్లు వస్తున్నాయి. వాటికి మిక్సర్ కిట్ పెట్టి పెట్రోలు ఇంజెక్టర్లను ఆపేస్తే, వైరు తెగిందని కంప్యూటర్ పీ0201 వరుస కోడ్లు నమోదు చేసింది. దీనికి విరుగుడుగా ఇంజెక్టర్లు పనిచేస్తున్నట్టు నటించే ఎమ్యులేటర్లు వచ్చాయి. అంతవరకు తప్పులేదు. లాంబ్డా సెన్సార్‌కు కూడా దొంగ సంకేతం ఇచ్చే పెట్టెలు బిగించడమే పెద్ద పొరపాటు. దీపం ఆరింది గానీ మిశ్రమం చెడిపోయే ఉంది, దాని వేడికి పొగను శుద్ధి చేసే కేటలిటిక్ కన్వర్టర్లు పాడయ్యాయి.

సీక్వెన్షియల్ కిట్లు వచ్చాక మోసం అవసరం తగ్గింది. పెట్రోలు ఇంజెక్టర్ ఎంతసేపు తెరవాలో అసలు కంప్యూటరే నిర్ణయిస్తుంది. గ్యాస్ కంప్యూటర్ ఆ సమయాన్ని తన లెక్కలోకి మార్చుకుని గ్యాస్ ఇంజెక్టర్‌ను తెరుస్తుంది. లోపం వెతకడానికి నేటికీ మెరుగైన పద్ధతి ఈ అమరికతోనే సాధ్యమైంది. ఇంజిన్ వేడెక్కాక ముందు పెట్రోలు మీద, తర్వాత గ్యాస్ మీద నడిపి ట్రిమ్ అంకెలు పోల్చాలి. రెండింటా చెడుగా ఉంటే గాలి లీకు, గాలిని కొలిచే సెన్సార్, లాంబ్డా సెన్సార్ చూడాలి. గ్యాస్ మీద మాత్రమే చెడితే ఫిల్టర్, వేపరైజర్ ప్రెషర్, జిడ్డు పట్టిన గ్యాస్ ఇంజెక్టర్లు, ట్యూనింగ్ చూడాలి. పెట్రోలు మీద మాత్రమే చెడితే పంపు గానీ, వాడక మూసుకుపోయిన పెట్రోలు ఇంజెక్టర్లు గానీ కారణం కావచ్చు.

ఇందులో ఒక చిక్కుంది. చాలా బండ్లలో గ్యాస్ మీద నడిచినప్పుడు నేర్చుకున్న దీర్ఘకాలిక ట్రిమ్ కంప్యూటర్‌లో నిలిచి ఉంటుంది. మర్నాడు ఉదయం చల్లని ఇంజిన్ పెట్రోలు మీద స్టార్ట్ అయినప్పుడు అదే సవరణ పెట్రోలుకూ వర్తిస్తుంది. లోపం గ్యాస్‌ది, దీపం వెలిగేది పెట్రోలు మీద. కోడ్ పడినప్పటి వివరాలు చూడకుండా చెరిపేస్తే ఈ జాడ దొరకదు.

సిలిండర్‌లో ఇంధనం సరిగా మండకపోవడానికి, అంటే మిస్సింగ్‌కు, సంబంధించిన పీ0300 వరుస కోడ్ల కథ వేరు. గ్యాస్ మిశ్రమంలో స్పార్క్ పుట్టడానికి ఎక్కువ వోల్టేజి కావాలి కనుక అరిగిన ప్లగ్గు, నీరసించిన కాయిల్ పెట్రోలు మీద దొరక్కపోయినా గ్యాస్ మీద దొరుకుతాయి. కొన్ని ఇంజిన్లలో వాల్వ్ సీట్లు త్వరగా అరిగి క్లియరెన్స్ తగ్గిపోతుంది. అప్పుడు ప్లగ్గులు ఎన్నిసార్లు మార్చినా దీపం ఆరదు.

మన దేశంలో ఈ దీపం విస్తృతంగా అమలైంది బీఎస్-4 కాలుష్య ప్రమాణాలతోనే. 2010 ఏప్రిల్‌లో హైదరాబాద్ సహా 13 నగరాల్లో ఆ ప్రమాణాలు మొదలయ్యాయి, 2013 ఏప్రిల్ నుంచి ఓబీడీ-2 వచ్చింది. చెవితో, ముక్కుతో లోపం పట్టే మెకానిక్ పక్కన ఓబీడీ స్కానర్, గ్యాస్ కిట్ ల్యాప్‌టాప్ రెండూ చేరాయి. రెండింటి అంకెలనూ ఒకేసారి చూడగలిగేవాడి చేతిలోనే పని నిలుస్తుంది.

సిలిండర్‌లోకే నేరుగా పెట్రోలు చిమ్మే కొత్త ఇంజిన్లు పెట్రోలు, గ్యాస్ ట్రిమ్‌లను పోల్చే పరీక్షను కూడా కష్టం చేశాయి. గ్యాస్ మీద నడిచేటప్పుడూ ఇంజెక్టర్ కాలిపోకుండా చాలా కిట్లు కొద్దిగా పెట్రోలు పంపుతూనే ఉంటాయి. అలాంటి బండిలో రెండు ఇంధనాలూ కలిసే మండుతాయి కనుక, ఎంత పాలు పెట్రోలు పోతోందో గ్యాస్ కంప్యూటర్‌లో చూశాకే ట్రిమ్ అంకెలకు అర్థం చెప్పుకోవాలి.