అధిక వోల్టేజి కొలతలో పరికరాల ఎంపిక: చారిత్రక పరిశీలన

వేల వోల్టుల సంకేతాన్ని నమోదు చేయడానికి డేటా సేకరణ పరికరాన్ని ఎంచుకునేటప్పుడు, అది ఎంత వోల్టేజిని తట్టుకోగలదన్న ప్రశ్నే సాధారణంగా ముందుకు వస్తుంది. ఈ రంగ చరిత్ర అంతకన్నా మౌలికమైన ప్రశ్నను వేస్తుంది: సంకేతంలో పరికరం దేనిని నిలుపుతుంది, దేనిని విడిచిపెడుతుంది?

19వ శతాబ్ది ఉత్తరార్ధంలో లార్డ్ కెల్విన్ అభివృద్ధి చేసిన స్థిరవిద్యుత్ వోల్ట్‌మీటరులో పలకల మధ్య ఆకర్షణ బలం వోల్టేజి వర్గానికి అనుపాతంలో ఉంటుంది. అందువల్ల ధన, ఋణ భేదమూ తరంగ రూపమూ అందులో నిలవవు. ఇన్సులేషన్ భగ్నమవడంలో ముఖ్యమైనది శిఖర విలువ. ఈ అవసరమే 20వ శతాబ్ది తొలి దశకాల్లో రెండు లోహ గోళాల మధ్య నిప్పురవ్వ దూకే దూరాన్ని ప్రమాణంగా నిలిపింది. ఆ పద్ధతి గాలి సాంద్రతపై ఆధారపడుతుంది. 1913లో చబ్, ఫోర్టెస్క్యూలు కెపాసిటర్ విద్యుత్ ప్రవాహాన్ని ఏకదిశీకరించి, దాని సగటు నుండి శిఖర విలువను రాబట్టారు.

పిడుగుల వల్ల తీగలపై పుట్టే ఉప్పెన వోల్టేజిలకు శిఖర విలువ ఒక్కటే చాలలేదు. 1924లో పీటర్స్ ప్రకటించిన క్లైడోనోగ్రాఫ్, లిక్టెన్‌బర్గ్ 1777లో గమనించిన ఆకృతులను ఫోటో ఫిల్ముపై ముద్రించి ధ్రువతను, సుమారు పరిమాణాన్ని తెలిపింది. తరంగ రూపాన్ని సూక్ష్మంగా చూపినది డ్యుఫోర్ కాథోడ్ కిరణ ఆసిలోగ్రాఫ్. అందులో ఫోటో ఫలకాన్ని శూన్యంలోనే ఉంచేవారు.

నేటి డిజిటల్ పరికరాల్లోనూ ఈ సమస్య రూపు మార్చుకొని కొనసాగుతోంది. ±10 వోల్టుల, 16 బిట్ల పరికరం ముందు 1000:1 వోల్టేజి విభాజకాన్ని ఉంచితే, గుర్తించగల కనిష్ఠ అంచె మూల సంకేతంలో సుమారు 0.3 వోల్టులు. అంతకన్నా చిన్న మార్పులు సాధారణంగా మరుగున పడతాయి. ప్రామాణిక పిడుగు ప్రేరణ తరంగం ముఖభాగ కాలం 1.2 మైక్రోసెకన్లు. సెకనుకు లక్ష నమూనాలు తీసే పరికరంలో రెండు నమూనాల మధ్య వ్యవధే 10 మైక్రోసెకన్లు కనుక ముఖభాగం మొత్తం జారిపోవచ్చు. నమూనాల వేగాన్ని ఎంత పెంచినా, విభాజకం స్పందన మందంగా ఉంటే ఆ లోపం తీరదు.

కనుక వోల్టేజిని తట్టుకోవడం, మనుషులకు రక్షణ కల్పించడం ఎంపికకు కనీస షరతులు మాత్రమే. శిఖర విలువ, ధ్రువత, తరంగ రూపం, సూక్ష్మ మార్పులు అనే నాలుగింటిలో పరిశోధన ప్రశ్నకు ఏది అవసరమో ముందుగా నిర్ణయించి, విభాజకాన్ని, నమోదు పరికరాన్ని ఒకే వ్యవస్థగా పరీక్షించాలి. పరికరం విడిచిపెట్టిన అంశాన్ని తరువాతి విశ్లేషణ ఏదీ తిరిగి తేలేదు.