మన పిల్లలు రాజ్యాంగమునేల చదువవలెను?



గోదావరిఖనిలో బొగ్గుబావికి పోవువారి పిల్లలు నేడు ఉద్యోగపరీక్షలకై రాజ్యాంగపు అధికరణముల సంఖ్యలను వల్లించుచున్నారు. మొన్న అట్టి పిల్లవానినొకని, "24వ అధికరణమున గని యను మాట యేల వచ్చినది?" అని యడిగితిని. సంఖ్య యెరుగును, కారణమెరుగడు. అందుచేతనే ఈ ప్రసంగము.

రాజ్యాంగసభలో దుర్గాబాయమ్మగారు, పట్టాభి సీతారామయ్యగారు మొదలగు తెలుగువారుండిరి. కాని మన హైదరాబాదు సంస్థానపు ప్రతినిధి యొక్కడును లేడు. 1948 సెప్టెంబరులో సంస్థానము భారతదేశమున కలిసిన పిదపను మనవారు ఆ సభకు పోలేదు. 1949 నవంబరు 23న నిజాము ఫర్మానా వెలువరించి ఆ రాజ్యాంగమునంగీకరించెను. మూడుదినములకు సభ దానినామోదించెను. వ్రాతలో పాలులేని మనకు చదువులోనైనను పాలుండవలదా?

అయినను అది మనలను జూచి వ్రాసినట్లేయున్నది. 23వ అధికరణము వెట్టిని నిషేధించినది. 24వది పదునాలుగేండ్లు నిండని బిడ్డను గనిలో పనికి పెట్టరాదన్నది. మరియొక విశేషము. ప్రాథమిక హక్కులు ముఖ్యముగ రాజ్యమును కట్టడిచేయునవి. సింగరేణిలో 51 పాళ్లు రాష్ట్రమువి, 49 పాళ్లు కేంద్రమువి. ఇచ్చట యజమానియే రాజ్యము! కార్మికుని బిడ్డకు ఈ సంగతి తెలియకున్న మరెవరికి తెలియవలెను?

శాసనముండగానే చాలదా యందురేమో. వెట్టిని కట్టడిచేయు ఉత్తరువులు నిజాము కాలముననే కలవు. మా తాత మాత్రము దౌరాకు వచ్చిన అధికారుల సామానులు కూలిలేక మోయుచునే యుండెను. ఉత్తరువు కలదని ఆయనకు చెప్పినవారు లేరు. 1921లో పుట్టిన ఆంధ్రజనసంఘమువారు, మాడపాటి హనుమంతరావుగారి పూనికచే, ఆ ఉత్తరువులను తెలుగున చిన్నపుస్తకములుగా అచ్చొత్తించి పంచిరి. వానిని చదివిన వర్తకులు కొందరు, ఊరక సరకులియ్యము పొమ్మనిరి. శాసనము పాతదే, చదువుట మాత్రము క్రొత్త.

రాజ్యాంగము తెలుగున లభించును. గ్రంథము పెద్దదే, భాషయు కొంత బిరుసు. నేనును కొన్ని పుటలను రెండుమూడుమారులు చదువవలసివచ్చినది. మూడవ భాగముతో ఆరంభించిన చాలును.

నేనడిగిన పిల్లవాడు మరునాడు తన తాతగారి మంచముచెంత కూర్చుండి 23వ అధికరణమును బిగ్గరగా చదివెను. ఆ ముసలాయన చిన్ననాట వెట్టి చేసినవాడట. కొంతసేపూరకుండి, "ఇంకొకమారు చదువుము బిడ్డా" అనెను.