ఉచిత సాఫ్ట్‌వేర్‌కు యాభై లక్షల పౌండ్లు

పశ్చిమ ఆస్ట్రేలియా ఎడారిలో మార్టిన్ డుగియామాస్ బాల్యంలో బడి అంటే రేడియోయే. ‘స్కూల్ ఆఫ్ ది ఎయిర్’ ఉపాధ్యాయులు షార్ట్‌వేవ్‌లో పాఠం చెప్పేవారు, చదవాల్సిన కాగితాలు విమానంలో వచ్చేవి. 1990ల చివర ఆయన పెర్త్‌లోని కర్టిన్ విశ్వవిద్యాలయంలో వెబ్‌సీటీ బాధ్యతలు చూశారు. కోర్సులు నడిపే ఆ సాఫ్ట్‌వేర్ కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో పుట్టి, తర్వాత కంపెనీ చేతికి వెళ్లింది. దాని కోడ్‌ను బయటివాళ్లు తెరిచి చూసే వీలు, ఏదైనా నచ్చకపోతే మార్చుకునే వీలు ఉండేవి కావు. డుగియామాస్ మూడుల్ పేరుతో సొంతంగా మరొకటి రాశారు. 2002 ఆగస్టు 20న వెలువడిన మూడుల్ 1.0ను, జీపీఎల్ లైసెన్స్ వల్ల, ఎవరైనా దించుకోవచ్చు, దిద్దుకోవచ్చు, పంచుకోవచ్చు.

అయినా విశ్వవిద్యాలయాలు వెంటనే ఎగబడలేదు. ఎల్ఎంఎస్ (కోర్సులు నడిపే సాఫ్ట్‌వేర్) ఎంపికకు కమిటీ కూర్చుంటే ముందుకొచ్చేది సౌకర్యాల పట్టిక: క్విజ్ ఉందా, మార్కుల పుస్తకం ఉందా, అసైన్‌మెంట్ తీసుకుంటుందా? ఆ పట్టికలో కంపెనీల సరుకుకే ఎక్కువ టిక్కులు పడేవి. ఈ సాఫ్ట్‌వేర్ రేపు ఎవరి చేతిలో ఉంటుందన్న గడి అందులో ఉండేది కాదు.

ఆ గడి ఎంత అవసరమో 2005 అక్టోబరులో బయటపడింది. వెబ్‌సీటీని కొంటున్నామని దాని ప్రధాన పోటీదారు బ్లాక్‌బోర్డ్ ప్రకటించింది. మరుసటి ఏడు జనవరిలో బ్లాక్‌బోర్డ్‌కు ఈ రంగంలో ఒక అమెరికన్ పేటెంట్ దక్కింది, జూలైలో అది కెనడా కంపెనీ డిజైర్2లెర్న్‌పై కేసు వేసింది. కోడ్‌ను అందరికీ తెరిచిపెట్టే ఓపెన్ సోర్స్ ఎల్ఎంఎస్‌లైన మూడుల్, సకాయ్, ఏట్యూటర్ తరఫున సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ లా సెంటర్ ఆ పేటెంట్‌ను తిరిగి పరిశీలించమని కోరింది. ఓపెన్ సోర్స్ జోలికి రామని 2007 ఫిబ్రవరిలో బ్లాక్‌బోర్డ్ మాట ఇచ్చింది. 2008లో టెక్సస్ జ్యూరీ డిజైర్2లెర్న్ 31 లక్షల డాలర్లు చెల్లించాలంది, 2009లో అప్పీలు కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. ఎన్నో విశ్వవిద్యాలయాలు ఏళ్ల తరబడి వాడుతూ వచ్చిన పద్ధతులు ఒక కంపెనీ సొత్తు అనడం అన్యాయమే.

ఈ కేసుకు ముందే రెండు పెద్ద ప్రయోగాలు మొదలయ్యాయి. 2004లో మిషిగన్, ఇండియానా, స్టాన్‌ఫర్డ్, ఎంఐటీ మెలన్ ఫౌండేషన్ సాయంతో చేతులు కలిపి సకాయ్‌ను కట్టాయి. విశ్వవిద్యాలయాల కోసం విశ్వవిద్యాలయాలే రాసుకునే సాఫ్ట్‌వేర్ అన్నది వాటి సంకల్పం. దూరవిద్యకే పుట్టిన బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీ మాత్రం 2005 నవంబరులో మూడుల్‌ను ఎంచుకుంది. లైసెన్స్‌కు పైసా కట్టనక్కర్లేని ఆ సాఫ్ట్‌వేర్ చుట్టూ దాదాపు యాభై లక్షల పౌండ్ల కార్యక్రమం ప్రకటించింది. లక్షన్నరకు పైగా విద్యార్థులున్న సంస్థకు దించుకున్నది దించుకున్నట్టు పనికిరాదు. ప్రోగ్రామర్లు కావాలి, సర్వర్లు కావాలి, కోర్సులను అందులోకి మార్చే మనుషులు కావాలి. ఆ డబ్బు అలాంటి మనుషులకూ పనులకూ వెళ్లిందంటే సరైన చోటికి వెళ్లినట్టే. ఉచితం కదా అని మూడుల్ పెట్టుకుని, దాన్ని చూసుకునే ఒక్క ఉద్యోగినైనా ఇవ్వని కాలేజీలు ఈ లెక్కను శ్రద్ధగా చదవాలి.

సకాయ్ దారి వేరు. కోడ్ బాగానే నడిచింది, కానీ వ్యవస్థాపకులే ఒక్కొక్కరుగా పక్కకు తప్పుకున్నారు. 2014లో మిషిగన్, ఇండియానా యూనిజిన్ అనే విశ్వవిద్యాలయాల కూటమి స్థాపనలో పాలుపంచుకుని కాన్వాస్ అనే మరో ఎల్ఎంఎస్ వైపు మళ్లాయి. దాన్ని తయారుచేసిన ఇన్‌స్ట్రక్చర్ కంపెనీ 2011లోనే కోడ్‌ను ఓపెన్ సోర్స్ చేసింది, సర్వర్ల భారం కూడా తానే మోస్తుంది. దాంతో సొంత జట్టును పోషించే శ్రమ తగ్గింది, సొంతంగా దిద్దుకునే అలవాటూ తగ్గింది. ఈ రెండో నష్టమే పెద్దది.

ఓపెన్ యూనివర్సిటీ జట్టు మాత్రం పని ఆపలేదు. క్విజ్‌లో ప్రశ్నలను నడిపే భాగాన్ని అడుగు నుంచి తిరగరాసి అందరికీ ఇచ్చేసింది. 2011లో మూడుల్ 2.1తో అది బయటికొచ్చింది. ఆ వెర్షన్ నుంచి మూడుల్‌లో క్విజ్ పెట్టిన ఏ కాలేజీ అయినా, ఏ దేశంలో ఉన్నా, వాడుకున్నది ఆ కోడ్‌నే.