జేబు కాదు, కంచె: ఆన్‌లైన్ గేమ్ దుకాణాల ప్రాంతీయ ధరలపై ఒక ప్రతిపాదన

హైదరాబాద్ కోఠిలో పాత పుస్తకాల కొట్ల ముందు నిలబడి ఏదైనా విదేశీ ఇంజనీరింగ్ పుస్తకం వెనక అట్ట తిప్పి చూడండి. భారత్, నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంక అంటూ దేశాల పేర్లు వరసగా ఉంటాయి. ఈ దేశాలు దాటించి అమ్మకూడదని కింద హెచ్చరిక ఉంటుంది. మూడేళ్ల కిందట అలాంటి పుస్తకం ఒకటి బేరమాడుతుంటే పక్కనున్న కుర్రాడు, "స్టీమ్‌లో గేములకీ ఇదే రూలు సార్. కాకపోతే అక్కడ అట్ట ఉండదు" అన్నాడు. స్టీమ్ అంటే పీసీ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం. ఈ వ్యాసానికి మూలం ఆ మాటే. పేరు అడగలేదు గానీ, అడిగి ఉంటే ఇక్కడ కృతజ్ఞత చెప్పుకోవలసింది.

ప్రాంతీయ ధరల మీద రాసేవాళ్లు ఎక్కువగా కొనేవాడి జేబు దగ్గర మొదలుపెట్టి జేబు దగ్గరే ఆగిపోతారు. దేశం పేదది, జీతం చిన్నది, అందుకే ధర తక్కువ అంటారు. ఒకే సరుకుకు వేర్వేరు ధరలు పెట్టడాన్ని, అంటే ధరల వివక్షను, మూడు తరగతులుగా విడగొట్టిన ఆర్థికవేత్త పిగూ 1920లోనే ఒక షరతు గుర్తించాడు: ఒక సంతలో కొన్న సరుకును ఇంకో సంతకు తరలించగలిగితే ఆ వివక్ష నిలవదు. ప్రాంతీయ ధరల మామూలు చర్చల్లో ఆ షరతు అంతగా వినిపించదు.

నా పేచీ ముఖ్యంగా ఒక పుస్తకంతో. అమెరికాలోని సోషల్ సైన్స్ రీసెర్చ్ కౌన్సిల్ 2011లో జో కరగానిస్ సంపాదకత్వంలో వెలువరించిన 'మీడియా పైరసీ ఇన్ ఎమర్జింగ్ ఎకానమీస్' అది. దొంగ సీడీల గొడవను పోలీసు కేసుగా కాక ధరల సమస్యగా చూడమని గట్టిగా చెప్పిన పుస్తకం కాబట్టి దానికి నమస్కారం పెట్టాల్సిందే. భారత్, రష్యా, బ్రెజిల్, దక్షిణాఫ్రికా వంటి దేశాల్లో సినిమా, సంగీతం, సాఫ్ట్‌వేర్ ధరలను తలసరి ఆదాయంతో తూచి, ఆ ధర అమెరికావాడికి ఎంత బరువుగా తోచేదో అది లెక్కగట్టింది. చిక్కంతా ఆ తక్కెడతోనే. ఒక ధర ఎందుకు భారమో అది చెబుతుంది గానీ, అమ్మేవాడు ఎప్పుడు తగ్గిస్తాడో, ఎక్కడ తగ్గించడో చెప్పదు. ఏడుపు కొనేవాడిది, తాళంచెవి అమ్మేవాడిది. కరగానిస్ బృందం ఏడుపును కొలిచింది, తాళంచెవిని స్థానిక సంస్థల పోటీలో వెతికి అక్కడే ఆగింది.

ఆ తక్కెడనే ఒక గేముకు పెట్టి చూద్దాం. 'సైబర్‌పంక్ 2077' 2020 డిసెంబరు 10న విడుదలైంది. అమెరికాలో దాదాపు 60 డాలర్లు, స్టీమ్‌లో మనకు 2,999 రూపాయలు. అప్పటి మారకం రేటున 60 డాలర్లంటే సుమారు 4,400 రూపాయలు. కొనుగోలుశక్తి లెక్క వేరు. దేశాల ధరలను పోల్చే అంతర్జాతీయ పోలిక కార్యక్రమం 2017కి కట్టిన రేటు డాలరుకు 20.65 రూపాయలు. ఆ రేటున ఈ గేము 1,240 రూపాయలకు రావాలి. కరగానిస్ బృందం పద్ధతిలో తలసరి ఆదాయంతో తూస్తే, అమెరికా ఆదాయం మనకన్నా ముప్పై రెట్ల పైచిలుకు కాబట్టి, 150 రూపాయలు కూడా దాటకూడదు. 4,400కీ 150కీ మధ్య 2,999 ఎక్కడినుంచి ఊడిపడింది? ఏ జేబు లెక్కకూ అది అందదు.

ఇప్పుడు అదే జేబుతో పక్క కొట్టుకు వెళ్దాం. ప్లేస్టేషన్ 5 వచ్చినప్పుడు అమెరికాలో దాదాపు 70 డాలర్లకు అమ్మిన సోనీ గేములు మన దేశంలో 4,999 రూపాయలు. మారకం రేటుతో గుణిస్తే తేడా రెండు వందలకు కాస్త అటూ ఇటూ. ఊరు మారలేదు, జీతమూ మారలేదు. పీసీ గేముకు మూడోవంతు తగ్గిన ధర కన్సోల్ గేముకు ఎందుకు తగ్గలేదు? కన్సోల్ కొన్నవాడు ధనవంతుడు కాబట్టి అనేవారు గేములాడే పీసీలో గ్రాఫిక్స్ కార్డు ధర ఒకసారి అడిగి రావాలి. నాకు తోచిన జవాబు డిస్కులో ఉంది. ప్లేస్టేషన్ 5 డిస్కుకు ప్రాంతపు తాళం లేదు. అబిడ్స్‌లో కొన్న డిస్కు దుబాయిలోనూ ఆడుతుంది, డాలస్‌లోనూ ఆడుతుంది. ఆడాక అమ్ముకోవచ్చు, స్నేహితుడికి ఇవ్వొచ్చు. కంచె లేని చేలో చవక పంట వేయరు. సోనీ డిజిటల్ దుకాణంలో ఖాతాకు దేశం తాళం ఉన్నా ధర తగ్గలేదు కదా అనే అభ్యంతరం ఉంది గానీ, పక్కనే డిస్కు వేలాడుతున్నప్పుడు ఆ దుకాణం ఒంటరిగా తగ్గించలేదు.

స్టీమ్ తన కంచెను ఒక్కరోజులో వేయలేదు. వాల్వ్ సంస్థ ఈ దుకాణం తెరిచింది 2003లో. 2014 డిసెంబరులో రూబుల్ కుప్పకూలి, రష్యాలో చవగ్గా కొన్న గేములు గిఫ్టులుగా సరిహద్దులు దాటుతుంటే, ఆ గిఫ్టుల మార్పిడికి ప్రాంతాల వారీగా అడ్డుకట్ట వేసింది. 2017లో ధరల తేడా ఎక్కువగా ఉన్న దేశాల మధ్య గిఫ్టులు పంపుకోవడం ఆపేసింది. 2021లో ఖాతా దేశాన్ని మూడు నెలలకు ఒకసారి మించి మార్చుకోనివ్వలేదు. దేశం మార్చాలంటే ఆ దేశపు చెల్లింపు సాధనంతో కొనాలన్న షరతూ ఉంది. అంతకుముందు రష్యాలో ఇంకో రకం కంచె ఉండేది, అది భాష. అక్కడ చవగ్గా అమ్మిన ప్రతుల్లో చాలావాటికి రష్యన్ తప్ప ఇంకో భాష ఉండేది కాదు. జర్మనీవాడు కొన్నా ఏం చేసుకుంటాడు?

మనకు ఆ వెసులుబాటు లేదు. మన దేశంలో అమ్మే గేము ఇంగ్లీషులోనే ఉంటుంది, లండన్‌వాడికీ పనికొస్తుంది. అందుకే మన కంచె వేరేచోట పడింది. పైగా దాన్ని వేసింది వాల్వ్ కాదు, రిజర్వ్ బ్యాంకు. 2009 ఆగస్టు నుంచి ఆన్‌లైన్‌లో కార్డు వాడితే రెండో ధ్రువీకరణ తప్పనిసరి చేసింది. అదే తరవాత మనందరికీ తెలిసిన ఓటీపీ అయింది. ఓటీపీ రావాలంటే ఇక్కడి బ్యాంకు ఇచ్చిన కార్డు, దానికి ముడిపడిన ఫోను నంబరు కావాలి. 2016లో వచ్చిన యూపీఐ ఆ ముడిని ఇంకా బిగించింది. దొంగల్ని ఆపడానికి పెట్టిన తలుపు అమెరికా కొనుగోలుదారునూ ఆపింది. స్టీమ్‌లో రూపాయి ధరలు 2015 నవంబరులో వచ్చాయి. అప్పటిదాకా డాలర్లలో కొనుక్కున్నాం. రూపాయి రావడాన్ని మన మార్కెట్టు పెరుగుదలకు గుర్తుగా చెప్పుకున్నాం. ఓటీపీ లేకపోతే ఆ రూపాయి ధర అంత తక్కువగా నిలిచేది కాదని నా వాదన.

ఈ వాదనకు అసలు పరీక్ష అర్జెంటీనా, తుర్కియే. కొన్నేళ్లపాటు ప్రపంచంలో అతి చవకైన స్టీమ్ ధరలు ఈ రెండు దేశాలవే. ప్రచురణకర్తలు పెసోల్లో, లీరాల్లో ధర ఒకసారి పెట్టి మరిచిపోయేవారు. అక్కడి డబ్బు నెలనెలా కరిగిపోయేది. తుర్కియేలో 2022 అక్టోబరుకు ద్రవ్యోల్బణం 85 శాతం దాటింది. అర్జెంటీనాలో 2023 ముగిసేసరికి 211 శాతం. వీపీఎన్ పెట్టుకుని, అక్కడివాళ్లమని చెప్పుకుని కొనేవాళ్లు ధనిక దేశాల్లో పుట్టుకొచ్చారు. ఇందులో ఒక వింత ఉంది. అర్జెంటీనా పౌరుడు విదేశీ డిజిటల్ కొనుగోలు చేస్తే పాయిస్ పన్ను, దానిమీద ఇతర వసూళ్లు కలిపి, తెర మీద కనిపించే ధరకన్నా చాలా ఎక్కువ కట్టాల్సి వచ్చేది. దొంగదారిన వచ్చినవాడు తెర మీది ధరే కట్టేవాడు. ఎవరికోసం ధర తగ్గిందో వాడే ఎక్కువ కట్టాడు.

2022 అక్టోబరులో వాల్వ్ తన సిఫారసు ధరల పట్టికను సవరించింది. ధర పెట్టేది ప్రచురణకర్తే, వాల్వ్ సలహా మాత్రమే ఇస్తుంది. అయినా ఆ సలహాను చాలామంది యథాతథంగా తీసుకుంటారని ధరలు చూస్తేనే తెలుస్తుంది. కొనుగోలుశక్తినీ, వినియోగ ధరల సూచీనీ లెక్కలోకి తీసుకున్నామని సంస్థ అప్పుడు చెప్పింది. కరగానిస్ శిష్యులకు ఇంతకన్నా తీపి మాట ఏముంటుంది? ఏడాది దాటిన కొద్ది రోజులకే, 2023 నవంబరు 20న, అదే సంస్థ పెసోను, లీరాను తీసేసి రెండు దేశాల్నీ డాలర్లలోకి మార్చింది. మారకం రేటు ఊగిసలాట వల్ల ధరలు పెట్టడం కష్టమైపోయిందన్నది చెప్పిన కారణం. కావచ్చు. కానీ ఆ రోజు బ్యూనస్ ఎయిర్స్‌లో ఎవరి జీతమూ డాలర్లలోకి మారలేదు. జేబే మూలమైతే ధర పెరగాల్సిన రోజు కాదది. కంచె కూలింది, అందుకే పెరిగింది. కొత్త ప్రాంతీయ డాలరు ధరలో కొంత రాయితీ మిగిలిన మాట నిజమే.

ఇక్కడ కరెన్సీకీ రాయితీకీ మధ్య గీత గీయాలి. పాకిస్తాన్, బంగ్లాదేశ్, నేపాల్, శ్రీలంకలకు స్టీమ్‌లో సొంత కరెన్సీ లేదు. దక్షిణాసియా పేరుతో విడిగా తక్కువ డాలరు ధరలున్నాయి. పోలండ్‌కు సొంత జ్లోటీ ఉన్నా, చాలా గేములు యూరోలకన్నా జ్లోటీల్లోనే ఎక్కువ పడుతున్నాయని అక్కడి ఆటగాళ్లు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. పోలండ్ జీతం జర్మనీ జీతాన్ని మించిందా? లేదు. అక్కడ జరిగింది వేరు. పోలండ్, చెకియా, హంగరీ వంటి తూర్పు దేశాల్లో అమ్మిన యాక్టివేషన్ కీలు (గేమును తెరిచే కోడ్‌లు) పశ్చిమ ఐరోపాలో పనిచేయకుండా తాళం వేశారని ఐరోపా కమిషన్ 2021 జనవరి 20న వాల్వ్‌కూ, మరో ఐదు ప్రచురణ సంస్థలకూ కలిపి 78 లక్షల యూరోల జరిమానా వేసింది. 2023 సెప్టెంబరులో ఐరోపా జనరల్ కోర్టు వాల్వ్ అప్పీలు కొట్టేసింది. ఉమ్మడి సంతలో కంచె చట్టవిరుద్ధమని తేల్చారు. కంచె తీయించినవాళ్లు చవక ధర ఆ తరవాత ఏమవుతుందో ఆలోచించలేదు.

పోలండ్ నుంచే పుట్టిన గాగ్ దుకాణం ఇంకో సాక్షి. 2008లో మొదలైనప్పుడు దాని రెండు నియమాలు: గేముకు తాళం (డీఆర్ఎం) ఉండదు, ధర ప్రపంచమంతా ఒకటే. ఈ రెండూ జంటగా పుట్టడం కాకతాళీయం కాదంటాను. 2014లో ప్రాంతీయ ధరలకు తలుపు తెరవబోతే కొనుగోలుదారులు గోల చేశారు. చివరికి ఎక్కువ కట్టినవాడికి తేడాను వాలెట్‌లో తిరిగి వేసే ఏర్పాటు చేసి, 2019 దాకా నడిపారు. తాళం లేని కొట్టువాడు వివక్ష చూపితే ఆ ఖర్చు తనే భరించాలి.

ఇక పుస్తకాల దగ్గరికి తిరిగొస్తే, థాయిలాండ్ నుంచి అమెరికా వెళ్లిన సుపాప్ కిర్ట్‌సేంగ్ అనే విద్యార్థి థాయిలాండ్‌లోని చవక ప్రతులు తెప్పించి అమ్మితే వైలీ సంస్థ కోర్టుకెక్కింది. 2013 మార్చిలో అమెరికా సుప్రీంకోర్టు 6-3 తీర్పుతో విద్యార్థి పక్షం వహించింది. అంతకు మూడేళ్ల ముందు మన ఢిల్లీ హైకోర్టు, ఇక్కడి చవక ప్రతులు అమెరికాకు అమ్ముతున్నవారిని ఆపమని అదే వైలీ అడిగితే ఆపింది. ఇంజనీరింగ్ అయ్యాక ఎమ్మెస్‌కు వెళ్లే మన పిల్లల సూట్‌కేసుల్లో ఆవకాయ పక్కన ఈ చవక ప్రతులే ఉంటాయని ప్రతి తల్లికీ తెలుసు. ఆ సూట్‌కేసును ఏ కోర్టూ తెరవలేదు. స్టీమ్ ఖాతా అలా కాదు. రూపాయల్లో కొన్న గేములు మామూలుగా వెంట వస్తాయి గానీ, అక్కడ స్థిరపడి అక్కడి కార్డు పెట్టగానే ధరలు డాలర్లలోకి మారతాయి. వాలెట్‌లో మిగిలిన రూపాయలూ డాలర్లవుతాయి.

ఈ సూత్రం గేములకే పరిమితం కాదని నా నమ్మకం. నెట్‌ఫ్లిక్స్ 2021 డిసెంబరులో భారత్‌లో మొబైల్ పథకాన్ని 199 నుంచి 149కి, బేసిక్ పథకాన్ని 499 నుంచి 199కి తగ్గించింది. శాతంలో ఎక్కువ తగ్గిన ఈ రెండూ ఒకే తెర మీద, తక్కువ నాణ్యతతో చూసేవే. ఆ పరిమితే అక్కడ కంచె. మోసర్ బేయర్ ఒకప్పుడు తెలుగు సినిమా వీసీడీని 28 రూపాయలకు అమ్మగలిగిందంటే, బెర్లిన్‌లో దాన్ని కొనేవాడు లేడు కాబట్టే. రష్యన్ చేసిన పని అక్కడ తెలుగు చేసింది. రేపు ఒక పెద్ద గేము తెలుగు మాటలతో మాత్రమే వస్తే, దాని ధర కొనుగోలుశక్తి పట్టికలో ఉన్న 1,240 దగ్గర కూడా ఆగదు.