చెరకురసముతో నడచిన కార్లు

ముడిచమురు వెల ప్రపంచ విపణిలో ఇంచుమించు ఒకటే. బంకువద్ద పెట్రోలు ధర మాత్రం పన్నులనుబట్టి దేశానికొక తీరు. 1973లో పీపా 3 డాలర్ల చమురు కొద్ది నెలలలోనే 12 డాలర్లకు చేరింది. తనకు కావలసిన చమురులో సుమారు 80 శాతం దిగుమతి చేసుకొనే బ్రెజిల్, 1975లో చెరకునుండి తీసిన ఆల్కహాలును కార్లకు వాడే పథకం చేపట్టింది. లీటరు పెట్రోలు ఇచ్చే ఉష్ణములో లీటరు ఆల్కహాలు ఇచ్చేది మూడింట రెండువంతులే. కనుక ధరకూడ ఆ మేరకు తగ్గితేనే కొనేవాడికి గిట్టుతుంది. కిటుకంతా ఇక్కడే ఉన్నది. ప్రభుత్వం అట్లే తగ్గించింది. 1980 దశకం మధ్యనాటికి అమ్ముడైన కొత్త కార్లలో పదింట తొమ్మిది ఆల్కహాలువే! 1986లో చమురు వెల పడిపోయింది. తరువాత పంచదార ధర పెరగగా చెరకు అటు మళ్ళింది. 1989లో, పథకాన్ని నమ్మి కారు కొన్నవారికి బంకులలో ఆల్కహాలు దొరకలేదు. రెండు ఇంధనాలతోను నడిచే కార్లు 2003లో వచ్చిన పిమ్మటగాని జనం మళ్ళీ అటు మొగ్గలేదు.