ఇంధనం లేకుండానే శాటిలైట్‌కు బ్రేక్: 'ప్లాస్మా బ్రేక్' ఎలా పనిచేస్తుంది?

చిన్న శాటిలైట్‌ను తయారు చేసి పంపడం ఇప్పుడు యూనివర్సిటీ విద్యార్థులకు కూడా సాధ్యమే. మరి పని అయిపోయాక దాన్ని కిందికి దించేదెలా? చాలా క్యూబ్‌శాట్‌లలో ఇంజిన్ ఉండదు, ఇంధనమూ ఉండదు. ఎక్కువ ఎత్తులో ఉంటే అవి చెత్తగా మారి దశాబ్దాల తరబడి తిరుగుతూనే ఉంటాయి. సెకనుకు సుమారు 7.5 కి.మీ. వేగంతో వెళ్లే ఆ చెత్త తగిలితే పనిచేసే శాటిలైట్లు కూడా ముక్కలైపోతాయి. అందుకే అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2022లో కొత్త నిబంధన తెచ్చింది. తక్కువ ఎత్తు కక్ష్యలోని శాటిలైట్లను పని ముగిసిన 5 ఏళ్లలోపే తొలగించాలని చెప్పింది. అంతకుముందు ఈ గడువు 25 ఏళ్లు.

తీగతో బ్రేక్ ఎలా?

ఈ సమస్యకు ఫిన్లాండ్ వాతావరణ సంస్థ శాస్త్రవేత్త పెక్కా యాన్‌హునెన్ చెప్పిన పరిష్కారమే ప్లాస్మా బ్రేక్. శాటిలైట్ నుంచి వెంట్రుకలాంటి సన్నని లోహపు తీగను బయటకు వదులుతారు. దానికి నెగటివ్ చార్జ్ ఇస్తారు. ఆ ఎత్తులో గాలి దాదాపు ఉండదు కానీ, పాజిటివ్ చార్జ్ ఉన్న అయాన్లు ఉంటాయి. తీగ దగ్గరికి రాగానే అవి దారి మళ్లుతాయి. అలా మళ్లించినందుకు తీగ కొంత వేగం కోల్పోతుంది. తీగ సన్నదే అయినా, దాని విద్యుత్ ప్రభావం చుట్టూ చాలా దూరం ఉంటుంది. దాంతో శాటిలైట్ మెల్లమెల్లగా కిందికి దిగి వాతావరణంలో కాలిపోతుంది. వోల్టేజీని పెంచి, తగ్గించి, ఆపేసి బ్రేక్‌ను అదుపు చేయవచ్చు.

ఇదే ఆలోచనకు మరో రూపం ఎలక్ట్రిక్ సెయిల్. ఇందులో తీగలకు పాజిటివ్ చార్జ్ ఇస్తారు. సూర్యుడి నుంచి వచ్చే సౌర పవనం వాటిని నెడుతుంది. ఒక్కో తీగ వోల్టేజీని వేర్వేరుగా మార్చి నౌకను కావలసిన దిశకు తిప్పవచ్చు.

ప్రయోగాల్లో ఏం జరిగింది?

ఎస్టోనియా తొలి శాటిలైట్ ఎస్ట్‌క్యూబ్-1 ఒక కిలో బరువుతో 2013 మేలో వెళ్లింది. అందులో 10 మీటర్ల తీగ ఉంది. కానీ తీగ చుట్టిన రీలు తిరగనే లేదు.

తర్వాత ఫిన్లాండ్ విద్యార్థుల ఆల్టో-1 వంతు. దీన్ని 2017 జూన్ 23న మన శ్రీహరికోట నుంచే ఇస్రో పీఎస్‌ఎల్‌వీ-సి38 రాకెట్ మోసుకెళ్లింది. ఇందులోని తీగ కూడా బయటకు రాలేదు. 2023 అక్టోబర్‌లో వెళ్లిన ఎస్ట్‌క్యూబ్-2 అయితే రాకెట్ నుంచి విడిపోనే లేదు.

అంటే ఈ మూడు ప్రయోగాల్లో సిద్ధాంతం తప్పని తేలలేదు. అసలు దాన్ని పరీక్షించే అవకాశమే రాలేదు. రాకెట్ కుదుపులను తట్టుకొని, చిన్న పెట్టెలోని రీలు నుంచి తెగకుండా, చిక్కుపడకుండా తీగను బయటకు తీయడమే ఇప్పటికీ ఇంజినీర్లకు అసలు సవాలు.