నెల్లూరు సారా వ్యతిరేకోద్యమము

నెల్లూరు జిల్లాయందు, 1992లో దూబగుంట గ్రామ స్త్రీలు సారా అంగడిని మూయించుటతో ప్రసిద్ధికెక్కి, మద్యపానముపట్ల సమాజ వైఖరి మారుటకు నిదర్శనమైన గ్రామీణ మహిళోద్యమము. వర్ధినేని రోశమ్మ దీని నాయకురాలిగా ఖ్యాతి వహించెను. అక్షరాస్యతా కార్యక్రమపు రాత్రి బడులలో, కూలిడబ్బు సారా పొట్లములకు వ్యయమై పొయ్యి వెలుగని దుస్థితిని స్త్రీలు చర్చించుకొనగా, అంతవరకు ఒక్కొక్క యింటి దుఃఖమై యుండినది ఊరుమ్మడి సమస్యగా పరిణమించెను. ప్రవర్తనకు వ్యక్తి వైఖరియు, తనవారి ఆమోదమును, తనవలన కాగలదను నమ్మికయు మూలములని మనస్తత్త్వవేత్త ఐసెక్ అజెన్ 1985లో ప్రతిపాదించిన సిద్ధాంతమునకు ఈ అనుభవము మిక్కిలి సన్నిహితము. అయినను, త్రాగువారి మనస్సుకంటె విక్రయస్థానమునే లక్ష్యముగా గైకొనుట ఇందలి విశేషము. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతట సారా నిషేధమును, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమును అమలులోనికి వచ్చెను. రెండవది 1997లో సడలింపబడెను.